సిస్టర్ అంటే అక్కా, చెల్లా? ఇద్దరికీ కలిపి ఒక్క మాట ఉందా?

అక్షరాల_సుధ
ఓటీటీ సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంటాను. చాలాసార్లు ఇంగ్లీషు స్క్రిప్టు ఒక్కటే చేతికిస్తారు, వీడియో ఉండదు. ఇప్పుడు చేస్తున్నదాంట్లో హీరో మొదటి ఎపిసోడ్ నుంచీ "మై సిస్టర్, మై సిస్టర్" అంటూనే ఉన్నాడు. ఆ మనిషి మాత్రం ఎక్కడా తెర మీదకి రాదు. ఆవిడ అక్కో చెల్లో తెలీకుండా తెలుగులో ఒక్క వాక్యం ముందుకు కదలట్లేదు. "మా సోదరి ఊరెళ్లింది" అని ఇంట్లో ఎవరైనా అంటారా? "తోబుట్టువు" అని రాస్తే పాతకాలం మాటలు వద్దని ఎడిటర్ కొట్టేశారు. పెద్దదా చిన్నదా అని క్లయింటుని అడిగితే "జస్ట్ సిస్టర్" అని జవాబు. ఇద్దరికీ సరిపోయేలా, నోట్లో నానే మాట ఒక్కటైనా తెలుగులో ఉందా? లేకపోతే మీరైతే ఏం చేస్తారు?

గోదారి_గట్టు
లేదు. ఆ అవసరమే మనకి రాలేదు. ముందు పుట్టిందో వెనక పుట్టిందో తెలీకుండా ఒకళ్ల ఇంటి మనిషి గురించి మాట్లాడుకోవడం మన దగ్గర ఎక్కడుంది?

కొత్త_పలక
సోదరి ఉందిగా. మన నోటికి అలవాటు తప్పితే అది మాట తప్పా?

పాలమూరు_పిలగాడు
సోదరి అని ఇంట్ల ఎవలంటరు? మైకు పట్టుకున్నోళ్లు అంటరు. మా దిక్కు అక్క, చెల్లె, అంతే. అందర్నీ కలిపితే అక్కచెల్లెండ్లు.

వ్యాకరణం_మేష్టారు
సుధగారూ, వయసు చెప్పని మాటలు మనకి లేకపోలేదు. అవి ఇంటి మాటలు కావు, అదే చిక్కు. సహోదరి అంటే ఒకే ఉదరాన పుట్టినది. సోదరి కూడా ఆ కుదురు మాటే. మన తోబుట్టువు కూడా అదే, తోడ పుట్టినది. వీటిలో పెద్దాచిన్నా తేడా లేదు. భగిని కూడా అంతే. కార్తీక శుద్ధ విదియనాడు అన్నదమ్ములు వెళ్లి తినేది భగినీహస్త భోజనం. వడ్డించేది అక్కా చెల్లా అన్న పట్టింపు ఆ పండక్కి లేదు.

ఇంకొకటి. బడిలో మనందరం చెప్పిన ప్రతిజ్ఞ గుర్తుందా? 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాశారు. ఆయనది నల్గొండ జిల్లా అన్నెపర్తి. "భారతీయులందరు నా సహోదరులు" అన్నారు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి బ్రదర్సూ సిస్టర్సూ అని రెండు మాటలు కావలసి వచ్చాయి. తెలుగులో ఆ ఒక్క సహోదరులలోనే ఆడా మగా అందరూ ఇమిడిపోయారు.

కొత్త_పలక
ప్రతిజ్ఞ అసలు తెలుగులో పుట్టిందా! రోజూ చేయి చాచి చెప్పాం, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

సింహాచలం_కొండ
మేష్టారూ, తోబుట్టువు అంటే మా ఇంట్లో ఆడవాళ్లే. "పండక్కి తోబుట్టువులకి చీరలు పెట్టాలి" అంటాడు మా నాన్న. ఆ మాటలో బాబాయిలు లేరు, ముగ్గురు మేనత్తలే ఉన్నారు. మగవాళ్లని తోబుట్టువులు అని పిలవగా నేను వినలేదు.

వ్యాకరణం_మేష్టారు
వాడుక అలా స్థిరపడిన ఇళ్లు చాలా ఉన్నాయి. పుట్టుకలో మాత్రం ఆడామగా ఇద్దరికీ చెందిన మాటే.

పాలమూరు_పిలగాడు
మా తాన తోడబుట్టినోళ్లు అంటే అందరొస్తరు, ఆడోళ్లూ మగోళ్లూ.

కొరియా_కిటికీ
సుధగారూ, ఆ సిరీస్ అసలు ఏ భాషది? కొరియన్ అయితే మీ సమస్య సగం తీరినట్టే. కొరియన్లో కూడా మనలాగే అక్కకి వేరే మాట, చెల్లికి వేరే మాట. పైగా అక్కని తమ్ముడైతే "నూనా" అంటాడు, చెల్లెలైతే "ఓన్నీ" అంటుంది. ఇంగ్లీషు స్క్రిప్టులోకి వచ్చేసరికి ఇవన్నీ సిస్టర్ అయిపోతాయి, లేదా పాత్ర పేరు పెట్టేస్తారు. చైనీస్‌లో జ్యెజ్యె, మెయ్‌మెయ్. జపనీస్‌లో అనే, ఇమోతో. మూలంలో ఉన్న వయసుని ఇంగ్లీషు పారేస్తే, మీరు దాన్ని మళ్లీ వెతుక్కుంటున్నారన్నమాట. ఆడియో తెప్పించుకుని ఆ ఒక్క పిలుపు వినండి చాలు.

అక్షరాల_సుధ
కొరియన్ కాదు, స్పానిష్. కానీ పోయిన నెల చేసింది కొరియన్దే, అప్పుడు ఈ మాట తెలిసుంటే ఎంత పని తప్పేది!

కొరియా_కిటికీ
స్పానిష్ అయితే ఎర్మానా. దానికి వయసు లేదు. మీకు దారి లేదు 😀

జీవితచరిత్రల_పురుగు
నేను పిల్లల కోసం శాస్త్రవేత్తల జీవితాలు తెలుగులో రాస్తుంటాను. సుధగారి తిప్పలు నాకూ ఉన్నాయి. నాకున్న వెసులుబాటల్లా వాళ్లు నిజం మనుషులు, పుట్టిన సంవత్సరాలు దొరుకుతాయి. విలియం హెర్షెల్ పక్కన రాత్రంతా నక్షత్రాల లెక్కలు రాసుకుని, తర్వాత తానే తోకచుక్కలు కనిపెట్టిన కరోలిన్ ఆయన చెల్లెలు. ఆయన 1738, ఆమె 1750. రైట్ సోదరుల కేథరిన్ వాళ్లిద్దరికీ చెల్లెలే, 1874. శాస్త్రవేత్త కాకపోయినా, నవలలు రాసిన జేన్ ఆస్టిన్‌కి కసాండ్రా అక్క.

మేరీ క్యూరీ దగ్గరికొస్తే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పోలండులో ఆడపిల్లలకి విశ్వవిద్యాలయం తలుపులు మూసి ఉన్న రోజులు. మేరీ ధనికుల ఇళ్లలో పిల్లలకి పాఠాలు చెప్పి, ఆ జీతంలోంచి పారిస్‌లో వైద్యం చదువుతున్న బ్రోన్యాకి డబ్బు పంపింది. బ్రోన్యా చదువయ్యాక మేరీని పారిస్‌కి పిలిపించుకుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో "హర్ సిస్టర్" అని వదిలేస్తారు. బ్రోన్యా పుట్టింది 1865లో, మేరీ 1867లో. అంటే చెల్లెలు సంపాదించి అక్కని చదివించింది. తెలుగు పాఠకుడికి ఆ ఒక్క ముక్కతో కథంతా వేరేగా అందుతుంది. తన వంతు కోసం ఆగింది చిన్నది!

గోదారి_గట్టు
ఇది బాగా చెప్పారు. అక్క పెళ్లయ్యాకే చెల్లి పెళ్లి అనుకునే మనవాళ్లకి ఆ వరస వెంటనే ఎక్కుతుంది.

నడిపక్క
మా ఇంట్లో నలుగురం ఆడపిల్లలం. పెద్దక్క, నడిపక్క, చిన్నక్క, ఆఖరుది బుజ్జి. గమనించండి, ఆఖరిదాన్ని ఎవరూ చెల్లీ అని పిలవరు, పేరో ముద్దుపేరో పెట్టి పిలుస్తారు. అక్క పిలుపులో ఉంటుంది, చెల్లి చెప్పుకోవడంలో ఉంటుంది. "మా చెల్లి వస్తోంది" అంటాం గానీ ఎదురుపడితే "చెల్లీ, నీళ్లు తాగుతావా" అనం. సబ్‌టైటిల్స్‌లో ఇది చాలామంది తప్పుతారు. అన్న పాత్ర ఊరికే "చెల్లీ" అని పిలుస్తుంటే ఇల్లు గుర్తుకు రాదు, నాటకం గుర్తుకొస్తుంది.

అక్షరాల_సుధ
నడిపక్క గారూ, దీన్ని మా స్టైల్ గైడ్‌లో పెట్టిస్తా.

పాలమూరు_పిలగాడు
ఆటో అన్న, కూరగాయల అవ్వ మాత్రం చెల్లె అనే పిలుస్తరు. బయట పిలుపుకు వేరే లెక్క. అక్కా అంటే మర్యాద, చెల్లె అంటే మనసు. ఆంటీ అంటేనే లొల్లి.

ఫ్రిస్కో_అమ్మ
ఆంటీ దగ్గర ఆగుదాం, ఇంకో దారం (థ్రెడ్) మొదలవుతుంది 😀

నా బాధ వేరే. ఇక్కడ పుట్టిన మా అమ్మాయికి చుట్టాలందరూ "కజిన్స్". పోయిన సెలవులకి ఇండియా తీసుకెళ్తే అడిగింది, "పెద్దమ్మ కూతురు అక్క అన్నావు, మామయ్య కూతురు వదిన అన్నావు, ఇద్దరూ కజిన్సే కదా, ఇద్దరూ నాకంటే పెద్దే కదా?" అని. నాకు తెలిసిందల్లా అది వరస అని. ఎందుకలాగో చెప్పలేకపోయాను. ఎవరైనా పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి.

గోదారి_గట్టు
అమ్మ అక్కచెల్లెళ్లూ అమ్మలే, పెద్దమ్మ, పిన్ని. నాన్న అన్నదమ్ములూ నాన్నలే, పెద్దనాన్న, చిన్నాన్న. అమ్మల పిల్లలు, నాన్నల పిల్లలు నీకు అక్కలూ చెల్లెళ్లే. అమ్మ అన్నదమ్ములు మామయ్యలు, నాన్న అక్కచెల్లెళ్లు అత్తలు. అత్తామామల పిల్లలు బావలు, మరుదులు, వదినలు, మరదళ్లు. అయిపోయింది.

ఫ్రిస్కో_అమ్మ
అబ్బ! పది సెకన్లలో తేల్చేశారు.

వ్యాకరణం_మేష్టారు
గట్టుగారు చెప్పిన ఈ ఏర్పాటు చూసి లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికా ఆయన ఆశ్చర్యపోయాడు. న్యూయార్క్ వైపు సెనెకా తెగవాళ్ల చుట్టరికాలు రాసుకున్నాక, తమిళ, తెలుగు, కన్నడ వరసలు తెప్పించుకుని చూస్తే అక్కడా తల్లి అక్కచెల్లెళ్లు తల్లులే. 1871లో అచ్చయిన ఆయన పట్టికల్లో మన చుట్టాలున్నారు.

గమనించవలసింది ఇంకొకటి. అమ్మకి అక్క అయితే పెద్దమ్మ, చెల్లెలైతే పిన్ని, కొన్ని చోట్ల చిన్నమ్మ. అక్కడ వయసు పట్టింపు ఉంది. నాన్నకి అక్క అయినా చెల్లెలైనా మేనత్తే. అక్కడ వయసు పట్టింపు లేదు. మామయ్యలకీ అంతే. పెద్దాచిన్నా లెక్క అమ్మల వైపు, నాన్నల వైపు ఉంది. అత్తమామల వైపు పిలుపులో ఆ లెక్క లేదు.

సింహాచలం_కొండ
ఇన్నాళ్లూ పిలుస్తూ ఉన్నాం గానీ ఈ తేడా కంటికి ఆనలేదు.

రాళ్లసీమ_రాగిసంగటి
మీరు అసలు విషయం దాటేస్తున్నారు. అక్క, చెల్లెలు అని రెండు మాటలు పెట్టుకున్నది మురిపానికి కాదప్పా, పెండ్లి లెక్కకు. మా దగ్గర అక్క కూతుర్ని చేసుకుంటారు. చెల్లెలి కూతుర్ని చేసుకోరు, ఆ పిల్ల తన బిడ్డ లెక్క అంటారు. సిస్టర్ కూతురు అని చెప్తే మా పెద్దోళ్లకు సగం మాటే తెలిసినట్టు. మా అమ్మ కథే చూడండి. అమ్మ పెండ్లాడింది సొంత మేనమామని. నాన్నకు మా అమ్మమ్మ అక్క, పెండ్లి రోజు నుంచి అత్త. "అక్కా అన్నం పెట్టు" అనే మా నాన్న కడదాకా అట్లనే పిలిచినాడు. అత్త అనే పిలుపు ఆ నోట్లోంచి ఒక్కసారి గూడా రాలేదు.

కొత్త_పలక
చట్టం ఒప్పుకుంటుందా ఇది?

రాళ్లసీమ_రాగిసంగటి
1955 హిందూ వివాహ చట్టం మేనమామ మేనకోడలు పెండ్లిని నిషిద్ధ వరసల్లోనే పెట్టింది. అయితే రెండు వైపులా ఆచారం ఉంటే చెల్లుతుందని అందులోనే మినహాయింపు ఉంది.

తెల్లకోటు
చట్టం ఒప్పుకున్నా ఒంటికి మంచిది కాదు. దగ్గర రక్తంలో ఇద్దరి దగ్గరా ఒకే లోపపు జన్యువు దాగి ఉండే అవకాశం ఎక్కువ, రెండూ బిడ్డకి చేరితే జబ్బు బయటపడుతుంది. పిల్లల వార్డులో రోజూ చూస్తున్నాను కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఇప్పటికే చేసుకున్నవాళ్లు భయపడక్కర్లేదు, గర్భానికి ముందే జన్యు సలహా తీసుకోండి.

రాళ్లసీమ_రాగిసంగటి
కాదనను డాక్టరమ్మా. మా తరంలో ఎవరూ చేసుకోలే. మాటలు మాత్రం మిగిలినాయి.

వ్యాకరణం_మేష్టారు
దారంలో పొరపాట్లు దొర్లకముందే ఒకటి చెప్తాను. చెల్లెలు ఏకవచనం. కోడలు, మరదలు, మనవరాలు లాగా. బహువచనం చెల్లెళ్లు. ఈమధ్య టీవీ స్క్రోలింగుల్లో "ఇద్దరు చెల్లెలు" అని వస్తోంది. చివర "లు" ఉంది కదా అని బహువచనం అనుకుంటున్నారు. పాత పుస్తకాల్లో చెల్లెండ్రు, కోడండ్రు అని ఉంటుంది. పిలగాడుగారి చెల్లెండ్లు ఆ పాత రూపానికి దగ్గరి చుట్టం. అది మొరటు మాట అనుకునేవాళ్లు తెలుసుకోవాలి.

పాలమూరు_పిలగాడు
మేష్టారూ, మీకు దండం. బళ్లె గీ మాటకే నన్ను నిలబెట్టిండ్రు.

ఇప్పిలి_వీధి
మాది విజయనగరం దగ్గర. మా అమ్మమ్మ వాళ్లు అక్కని అప్ప అంటారు. అక్కచెల్లెళ్లు అనరు, అప్పచెల్లెళ్లు. నేను బెంగుళూరులో చేరిన కొత్తలో హాస్టల్లో మా అప్ప ఫోన్ చేస్తే "అప్పా, డబ్బులు అందాయి" అన్నాను. పక్కమంచం కన్నడ పిల్ల మా నాన్న గొంతు ఆడగొంతులా ఉందేటని ఆశ్చర్యపోయింది. వాళ్లకి అప్ప అంటే నాన్న కదా.

రాళ్లసీమ_రాగిసంగటి
మా సీమలో అప్పా అంటే ఎదురుగా ఉన్నోడు ఎవరైనా సరే 😀

కర్నూలు_కొత్తబస్టాండు
మా ముస్లిం ఇళ్లలోనూ అక్కకి వేరే పిలుపే. ఆపా అంటాం, కొందరు బాజీ అంటారు. చిన్నదాన్ని పేరుతోనే. నడిపక్క గారు చెప్పిన సూత్రం మాకూ సరిగ్గా సరిపోయింది. బహెన్ అనే మాటకి వయసు లేదు. అమ్మకి అక్కైనా చెల్లెలైనా ఖాలా, నాన్నకి అక్కైనా చెల్లెలైనా ఫుప్పు. పక్కింటి రెడ్డిగారి పిల్లలు మా అమ్మని పెద్దమ్మ అంటారు, మేం వాళ్లమ్మని చిన్నమ్మ అంటాం. చుట్టరికం లేకుండానే వరస కుదిరింది.

అలిపిరి_మెట్టు
వరసల్లో దేవుళ్లు కూడా ఉన్నారు, మర్చిపోకండి. మా తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ వేంకటేశ్వరస్వామికి చెల్లెలు. జాతరకి కొండ మీద దేవస్థానం నుంచి సారె వస్తుంది. పసుపు, కుంకుమ, చీర పళ్లేల్లో పెట్టుకుని మేళతాళాలతో తెస్తారు. పుట్టింటి సారె ఎట్లా వస్తుందో అట్లా. ఆ రోజు ఊర్లో ఆడవాళ్ల మొహాలు చూడాల, అందరికీ పుట్టింటోళ్లు వచ్చినట్టే ఉంటారు.

పాలమూరు_పిలగాడు
మా బోనాలల్ల పోతరాజు అమ్మవార్లకు తమ్ముడు. అక్కల ముంగట కొరడా పట్టుకొని ఆడుకుంట పోతడు. మేడారంల సమ్మక్క, సారక్క గూడ అక్కచెల్లెండ్లే గదా.

మానుకోట_మల్లె
కాదు తమ్మీ. సమ్మక్క తల్లి, సారలమ్మ బిడ్డ. పేర్ల చివర అక్క ఉన్నదని బయటోళ్లు గట్లనే అనుకుంటరు. మా దిక్కు ఆడోళ్ల పేర్లకు అక్క కలుపుడు మామూలే, రాజక్క, ఎల్లక్క, మల్లక్క.

సింహాచలం_కొండ
గోల్కొండ తానీషా మంత్రి అక్కన్న పేరులో అక్కా ఉంది, అన్నా ఉంది. మాదన్నకి ఇంతకీ ఆయన వరసేమిటో 😀

గోదారి_గట్టు
సింహాచలం గారూ 🙏 సోదరుడు. ఇక్కడ సోదరుడు చక్కగా సరిపోయింది చూశారా.

ఓ_ఇంటి_కోడలు
ఇన్ని పోస్టులు చదివాను, ఆడపడుచు గురించి ఒక్కరూ ఎత్తలేదు. పుట్టింట్లో నేను ఆడపడుచుని. అంటే ఇంటి పిల్లని, పండక్కి పిలిచి చీర పెట్టాల్సిన మనిషిని. అత్తింట్లో ఆడపడుచు అంటే భర్త అక్కో చెల్లెలో. మాట ఒకటే, నిలబడే చోటు వేరు. నా పెళ్లిలో ఆడపడుచు కట్నం దగ్గర పెద్ద మాటలు జరిగాయి. పీటల మీద నేను తలొంచుకుని కూర్చుని ఉండగా వెనక మా నాన్న గొంతు వణకడం వినపడింది. ఆ డబ్బు ఎంత అన్నది కాదు. నన్ను ఇంటి పిల్ల అని పంపే మనిషి, ఇంకో ఇంటి పిల్లకి లెక్క కట్టి ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పటికీ నాకు ఆ మాట వింటే ఆ గొంతే గుర్తొస్తుంది.

మానుకోట_మల్లె
మా తాన ఆడిబిడ్డ అంటరు. "ఆడబిడ్డ అర్ధమొగుడు" అని సామెతే ఉన్నది. నీ బాధ నాకు సమజైంది చెల్లె.

నడిపక్క
ఆ సామెత నా విషయంలో తిరగబడింది, అందుకే చెప్పాలనిపించింది. టీచరు పోస్టుకి చదువుతున్నప్పుడు నాకు చంటిపిల్ల. మా ఆడపడుచు తన పిల్లల్ని స్కూల్లో దింపి, నేరుగా మా ఇంటికొచ్చి, నా బిడ్డని భుజాన వేసుకుని మేడెక్కి పోయేది. కింద ఏడుపు వినపడితే నేను పుస్తకం మూసేస్తానని. పరీక్ష రోజు స్కూటీ మీద సెంటరుకి తీసుకెళ్లి, గేటు బయట వేపచెట్టు కింద కూర్చుంది. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో చీర కొనిస్తే "నేనిచ్చేదాన్ని గానీ తీసుకునేదాన్నా" అని కోప్పడి, తర్వాత ప్రతి పెళ్లికీ ఆ చీరే కట్టింది.

ఓ_ఇంటి_కోడలు
మీరు అదృష్టవంతులు అక్కా. నిజంగా.

కవలల_తండ్రి
నాదో చిన్న సందేహం. నాకు కవల ఆడపిల్లలు. డాక్టరు ముందు పుట్టిందాన్ని పెద్ద అన్నారు. మా అమ్మ వెనక పుట్టిందే అక్క అంటుంది, ముందు కడుపులో పడింది అదేనట, అందుకే వెనక వచ్చిందట. మా ఆవిడ ఆసుపత్రి మాట, మా అమ్మ తన మాట. పిల్లలకి ఇద్దరూ అక్కలే అయ్యారు ఇప్పుడు!

తెల్లకోటు
ముందు కడుపులో పడింది వెనక వస్తుందన్నదానికి ఆధారం లేదు. రికార్డులో పుట్టిన సమయమే నిలుస్తుంది.

గోదారి_గట్టు
ఇద్దర్నీ అక్కా అని పిలుచుకోనివ్వండి, మర్యాదగా పెరుగుతారు.

బడి_గంట
చిన్న నవ్వు కోసం. మా అబ్బాయిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు "సిస్టర్‌ని పిలవండి" అన్నాను. వాడు మంచం మీంచి లేచి తలుపు వైపు చూస్తూ "పిన్ని వచ్చిందా?" అన్నాడు. నర్సమ్మ నవ్వి, డ్యూటీ అయ్యేదాకా వాడికి పిన్నిగానే ఉండిపోయింది.

శుభలేఖ_అర్జెంటు
దారం పక్కకి లాగుతున్నందుకు ఏమనుకోకండి, ఈ సాయంత్రం శుభలేఖ ప్రెస్‌కి ఇవ్వాలి. మా ఇంట్లో పెళ్లి. నాన్నగారు లేరు, పిలిచేది అన్నదమ్ములం ముగ్గురం. పెళ్లికూతురు పెద్దన్నయ్యకీ నాకూ చెల్లెలు, మా తమ్ముడికి అక్క. "మా చెల్లెలు చి.ల.సౌ." అని వేస్తే తమ్ముడు ఊరుకోవట్లేదు, నా పేరు తీసేయండి అంటున్నాడు. "మా సోదరి" అంటే అమ్మకి నచ్చలేదు, రాజకీయ సభలా ఉందంటోంది. ఏం వేయమంటారు?

కొత్త_పలక
సోదరి అని నేను మొదట్లోనే చెప్పానా లేదా? దానికి ఇదే సరైన చోటు.

వ్యాకరణం_మేష్టారు
"మా తోబుట్టువు చి.ల.సౌ." అని వేయండి. ముగ్గురికీ సరిపోతుంది, అచ్చ తెలుగు.

సింహాచలం_కొండ
మేష్టారి మాటకే నా ఓటు.

మానుకోట_మల్లె
తోబుట్టువు మంచిగనే ఉన్నది గని, లగ్గం పత్రికల ఇంటి పిల్లను సాగనంపుతున్నట్టు ఉండాలె. "మా ఇంటి ఆడపడుచు" అని వేయుండ్రి. అన్నలకూ తమ్మునికీ అందరికీ ఆడపడుచే గదా, పెద్దాచిన్నా లేదు.

ఓ_ఇంటి_కోడలు
నేనూ అదే రాద్దామని వచ్చాను. పుట్టింటివాళ్లు రాస్తే ఆ మాట ఎంతో బాగుంటుంది.

అక్షరాల_సుధ
మల్లెగారిదే నాకూ నచ్చింది. నా హీరో విషయంలో నడిపక్క గారి దారి పట్టాను. వెతికితే ఐదో ఎపిసోడ్‌లో ఆవిడ పేరు ఒక్కసారి వచ్చింది, ఎలెనా. "ఎలెనా ఊరెళ్లింది" అని రాస్తున్నా. పేరు పెట్టి పిలిచాడంటే చెల్లెలే అని మనవాళ్లు అనుకుంటారేమో, సీజన్ అయ్యేదాకా చూడాలి.

కొరియా_కిటికీ
రెండో సీజన్లో అక్క అని తేలితే ఇక్కడికొచ్చి చెప్పండి.

శుభలేఖ_అర్జెంటు
అమ్మకి "మా ఇంటి ఆడపడుచు" చదివి వినిపించాను, మళ్లీ చదవమంది. తమ్ముడు కూడా సరే అన్నాడు. ప్రెస్ ఆయన ప్రూఫు పంపాడు, "ఆడపడచు" అని కొట్టాడు. తప్పా మేష్టారూ?

వ్యాకరణం_మేష్టారు
రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి, తప్పు లేదు. పడుచు అన్న మాట స్పష్టంగా కనపడాలంటే డకి కొమ్ము పెట్టించండి. పనిలో పనిగా చి.ల.సౌ.లో మూడు చుక్కలూ పడ్డాయో లేదో కూడా చూసుకోండి.